అవతలి కొండ హీరోయిన్

ఒక పెద్ద అడవిలో నాంచారి అని ఒక మొరిగే లేడి ఉండేది. లేడి మొరగడమేమిటని మొహం చిట్లించకండి. కొన్ని లేళ్లు మొరుగుతాయి, అచ్చం కుక్కల్లాగే. నమ్మకపోతే అడవి తెలిసినవాళ్లనడగండి. ప్రతి కథకీ మధ్యలో అడ్డం పడితే నేను ముందుకెలా పోయేది?

నాంచారి వాళ్లది ఏడు తరాల కాపలా కొలువు. తూర్పు గట్టు మీద నిలబడాలి, చిరుత కనబడితే మొరగాలి. ఆ మొరుగు వినబడిందంటే కింద అడవంతా నోట్లో గడ్డి నోట్లో ఉండగానే పరుగు లంకించుకుంటుంది. ప్రాణాలు దక్కాక ఒక్కరైనా గట్టెక్కి వచ్చి "బతికించావమ్మా" అన్న పాపాన పోలేదు. "పొద్దున్నే ఈ గోలేమిటి" అన్నవాళ్లు మాత్రం బోలెడుమంది.

నాంచారి తల్లి కోటమ్మకి వయసు మీద పడింది. గొంతు బొంగురుపోయింది. "ఈ వానలు వెళ్లాక గట్టు నీదేనే. నా వల్ల కావడం లేదు," అంది ఒకరోజు.

"గట్టు మీద నిలబడితే నన్నెవరూ చూడరు కదమ్మా," అంది నాంచారి.

"చూడరు. వింటారు. చాలదూ?"

నాంచారికి చాలదు. నలుగురూ తనకేసి చూడాలి, చూసి ఒక్కసారైనా "ఎవరీ పిల్ల" అనుకోవాలి. అంతకంటే పెద్ద కోరికలేం లేవు పాపం. వయసులో ఉన్నప్పుడు మనకి మాత్రం లేదా ఏమిటి ఆ దురద.

ఆ ఏడే అడవి అందాల మండలి పోటీ పెట్టింది. మండలికి అధ్యక్షుడు గుడ్లగూబ. పగటిపూట ఆయనకి కళ్లు కనబడవు కాబట్టి పక్షపాతం ఉండదని పెట్టారు. నడక చూడ్డానికి తాబేలు, నవ్వు చూడ్డానికి మొసలి. ఏ పదవికి ఎవరిని పెట్టాలో ఆ అడవికి బాగా తెలుసు.

పోటీకి పద్నాలుగుమంది వచ్చారు. చివర్లో అందరికీ ఒకటే ప్రశ్న. "నువ్వు గెలిస్తే ఈ అడవికి ఏం చేస్తావు?"

"పులికీ దుప్పికీ స్నేహం కుదురుస్తాను," అంది ఆడ నెమలి. "పులికీ దుప్పికీ స్నేహం కుదురుస్తాను," అంది కుందేలు, కొంచెం కన్నీళ్లు కలిపి. పదమూడుమందీ పులినీ దుప్పినీ స్నేహితుల్ని చేశారు. వెనక వరసలో కూర్చున్న దుప్పులు లేచి దూరంగా వెళ్లి కూర్చున్నాయి.

పద్నాలుగోది నాంచారి. తన వంతు ఇప్పట్లో రాదనుకుని అప్పుడే నోటినిండా రేగుపళ్లు కుక్కుకుంది. గింజలు మింగలేదు, పెద్దల ముందు ఉమ్మలేదు. చేసేదేం లేక తల వంచుకుని, కళ్లు నేలకేసి, అలా నిలబడిపోయింది.

మొసలి కళ్లు తుడుచుకుంది. గుడ్లగూబ నిద్రలో ఉలిక్కిపడి, "ఇంత లోతైన సమాధానం నా సర్వీసులో వినలేదు," అన్నాడు.

అలా నాంచారి వనసుందరి అయింది. మోదుగపూల కిరీటం పెట్టారు, అరటినార పట్టీ వేశారు. మూడు రోజులు అందరూ చూశారు. నాలుగో రోజు ఎవరూ చూడలేదు. ఐదో రోజు ఆకలేసి నాంచారి కిరీటం తినేసింది.

సరిగ్గా ఆ కిరీటం చివరి రెక్క నములుతుండగా నిర్మాత భూషయ్య వచ్చాడు. భూషయ్య అడవిపంది. ఎక్కడ నేల తవ్వితే దుంప దొరుకుతుందో ముట్టెతో వాసన చూసి చెప్పగలడు, ఆ ముట్టెతోనే సినిమాలు తీస్తున్నాడు. వెంట దర్శకుడు చిత్తరంజన్, ఊసరవెల్లి. భూషయ్య సంతోషంగా ఉంటే పచ్చగా ఉంటాడు, కోపంగా ఉంటే బూడిదరంగుకి మారతాడు. కథ కూడా అదే లెక్కన మారుతుంది.

అడవిలో సినిమా ఏమిటంటారా? ఉత్తరాన ఒక పెద్ద గుహ ఉంది. పైకప్పుకి ఒక చిల్లు, ఆ చిల్లులోంచి ఎండ పడుతుంది. ఎండకి అడ్డంగా సాలెపురుగులు ఈ గోడ నుంచి ఆ గోడకి తెల్లటి తెర అల్లాయి. తెర వెనక నటులు ఆడితే ముందు కూర్చున్నవాళ్లకి నీడలు కనబడతాయి. మార్నింగ్ షో, మ్యాట్నీ మాత్రమే. మిగతా ఆటలకి సూర్యుడు ఒప్పుకోలేదు.

"హీరోయిన్‌గా చేస్తావా?" అన్నాడు భూషయ్య.

నాంచారి నోట్లో రెక్క జారి కింద పడింది. "చేస్తానండి."

"ఏ ఊరు మనది?" అన్నాడు చిత్తరంజన్.

"ఇక్కడేనండి. ఆ రేగుపొద పక్కన."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. చిత్తరంజన్ పచ్చగా ఉన్నవాడు కాస్తా బూడిదరంగయ్యాడు.

"అదేనమ్మా చిక్కు," అన్నాడు భూషయ్య. "మన అడవి పిల్లని మనవాళ్లు గుహ దాకా వచ్చి ఎందుకు చూస్తారు? పొద్దున లేస్తే ఇక్కడే గడ్డి మేస్తూ కనబడతావు. హీరోయినంటే అవతలి కొండ నుంచి రావాలి. మన భాష రాకూడదు. పేరు చెబితే మనకి నోరు తిరక్కూడదు."

నాంచారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి చూసి భూషయ్య ముట్టె కదిలింది. దుంప వాసన తగిలిందన్నమాట.

"అయితే ఒక పని చెయ్యి. కొండ దాటి అవతలికి వెళ్లు. నెల్రోజులుండి రా."

"అక్కడ ఏం చెయ్యాలండి?"

"ఏం చెయ్యక్కర్లేదు. ఉండి రావాలి, అంతే. ఇవాళ్టి నుంచి నీ పేరు ఝర్మీషా."

కోటమ్మకి సంగతి చెబితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పొరుగింటి పుల్లకూర రుచని విన్నాను గానీ, మనింటి కూరే పట్టుకెళ్లి పొరుగింట్లో పెట్టి తెచ్చుకోవడం ఇప్పుడే వింటున్నా," అంది. "మరి గట్టు మీద ఎవరుంటారే?"

"ఒక్క సినిమా అమ్మా. వానలు వెళ్లేసరికి వచ్చేస్తా."

కన్నతల్లి కదా, సరేనంది. ఎవరడిగినా "మా పిల్ల వాళ్ల పిన్ని దగ్గరికెళ్లింది" అని చెప్పమంటే దానికీ సరేనంది.

నాంచారి అవతలి కొండ కింద నెల్రోజులు గడ్డి మేసింది. ఇక్కడి గడ్డే, అక్కడా. ఆ నెలలో ఆమెకి భాష మరిపించడానికి భూషయ్య ఒక గోరింకని పంపించాడు. ఆవిడ పేరు సీతాలు. తెర పక్కన చీకట్లో కూర్చుని హీరోయిన్లకి గొంతు ఇవ్వడం ఆవిడ పని. పద్దెనిమిది మంది హీరోయిన్లకి ఇచ్చింది. అందులో ఒంటె కూడా ఉంది.

"ఏదీ, నమస్కారం చెప్పు," అంది సీతాలు.

"అందరికీ నమస్కారం."

"ఛీ. అంత శుభ్రంగా చెబితే మనూరి పిల్లని ఇట్టే పట్టేస్తారు. అందర్‌కీ నమ్‌స్కార్‌మ్ అను. మధ్యలో ఎక్కడో ఒకచోట ఎముక గుచ్చుకున్నట్టుండాలి."

"అందర్‌కీ నమ్‌స్కార్‌మ్."

"ఆ, ఇప్పుడు ముద్దొస్తోంది. మీ అడ్వీ ఛాలా బాగుంది, అను. రేగ్‌పల్లు నాక్ ఛాలా ఇష్టమ్, అను. ఈ మూడు ముక్కలతో నువ్వు పదేళ్లు బతకొచ్చు."

"అక్కా, ఎలాగూ నాకు భాష వచ్చు కదా. తెర మీద నా మాటలు నేనే చెప్పుకుంటే ఏం?"

"ఏదీ, 'నిన్ను ప్రేమిస్తున్నాను' అని చెప్పు చూద్దాం."

నాంచారి చెప్పింది. మనసు పెట్టి చెప్పేసరికి చివర్లో వంశాచారం ప్రకారం ఒక మొరుగు వచ్చింది. పక్క పొదలోని అవతలి కొండ కుందేళ్లు నాలుగు, పిల్లల్ని వదిలేసి మరీ పరిగెత్తాయి.

"చూశావా," అంది సీతాలు. "హీరోగారు పరిగెత్తలేరమ్మా, బరువెక్కువ."

బాధపడకని చెప్పి, తన కథ కూడా చెప్పింది. "నా గొంతు విని పడిపోయినవాళ్లు ఈ అడవిలో సగంమంది. నా మొహం ఒక్కరు చూడలేదు. కొమ్మ మీంచి రెట్టేస్తే తప్ప ఎవరూ తలెత్తరు." చెప్పి నవ్వింది గానీ, నాంచారికి మాత్రం నవ్వు రాలేదు.

నెల తిరిగేసరికి ఝర్మీషా కొండ దిగి వచ్చింది. కప్పలు డప్పులు కొట్టాయి. ఉడుతలు పూలు చల్లాయి. "అందర్‌కీ నమ్‌స్కార్‌మ్," అనగానే అడవి ఊగిపోయింది. "రేగ్‌పల్లు నాక్ ఛాలా ఇష్టమ్," అనేసరికి ముసలి ఎలుగుబంటి ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. "ఎక్కడి పిల్ల, మన రేగుపళ్ల మీద ఎంత ప్రేమ," అన్నాడు.

రేగుపొదకి ఇటుపక్క నాంచారి వాళ్లుంటే అటుపక్క వెంకాయమ్మ అనే కణుజు, అంటే పెద్ద జాతి దుప్పి, ఉండేది. నాంచారిని పుట్టిన నాటి నుంచి చూసింది, రెండుసార్లు తన పాలు కూడా పట్టింది. ఆవిడ కోటమ్మ పక్కనే నిలబడి, "ఏం కళ్లమ్మా, ఏం నడకమ్మా," అంది. "మీ నాంచారీ ఉంది, ఎందుకు. ఏమీ అనుకోకు వదినా."

"అనుకోవడానికేముంది," అంది కోటమ్మ.

సినిమా పేరు 'ప్రేమకి కొమ్ములొచ్చాయి'. హీరో అడవిదున్న దిగ్విజయ్. అభిమానులు ఆయన్ని మూపు స్టార్ అంటారు. నాంచారి అమ్మమ్మ చిన్నప్పుడు ఆయన దూడ వేషాలు వేసేవాడు, ఇప్పుడూ దూడ వేషమే వేస్తున్నాడు. ఒక కాలు పైకెత్తి దించితే డాన్సు. రెండు కాళ్లూ ఎత్తిన సినిమా ఒకటుందిట, దాని గురించి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రోజూ పొద్దున్నే నాంచారికి గంటసేపు పుప్పొడి పులిమేవారు. "నీడే కదండీ పడేది," అందొకసారి.

"నీడకి రంగు లేకపోతే జనానికి తెలిసిపోతుంది," అన్నాడు చిత్తరంజన్.

తెర వెనక ఆమె పెదాలు కదిలించేది. చీకట్లో సీతాలు పలికేది. జనం ఈలలు వేసేవారు. సినిమా పది రోజులాడింది, ఇరవై రోజులాడింది, యాభై దాటింది. నాంచారి కోరిక తీరింది. నడిస్తే చూస్తున్నారు, కూర్చుంటే చూస్తున్నారు, చెవి గోక్కుంటే కూడా చూస్తున్నారు. ఈ లోపల వానలు వెళ్లిపోయాయి. గట్టు మీద కోటమ్మ ఒక్కతే నిలబడి, లేని గొంతుతో మొరుగుతోంది. ఒకరోజు ఆ మొరుగు కిందికి వినబడక చిరుత ఒక కుందేలు తోక కొరుక్కుపోయింది. "ఆ నాంచారి పిన్నింట్లో కూర్చుని ఏం చేస్తోందో," అని అడవంతా తిట్టుకుంది. తోకలేని కుందేలు మరీ తిట్టుకుంది. మ్యాట్నీకి మాత్రం మానలేదు.

ఒకనాడు కోటమ్మ ఆకులో రేగుపళ్లు చుట్టుకుని గుహ దగ్గరికి వచ్చింది. అప్పుడే నాంచారి బయటికొస్తోంది. చుట్టూ విలేకరులు, అంటే చిలకలు. వాళ్లు ఒకరన్నది పదిమందీ అంటారు.

"అమ్మా నాంచారీ," అనబోయి కోటమ్మ నాలిక్కరుచుకుంది. కానీ అప్పటికే చిలకలు ఇటు తిరిగాయి.

"మేడమ్, ఈ ముసలావిడ మీకు తెలుసా? తెలుసా? తెలుసా?"

నాంచారి తల్లికేసి చూసింది. పక్కనుంచి భూషయ్య ముట్టె పైకెత్తాడు. పరువంతా, పేరంతా ఆ ఒక్క జవాబు మీద ఉంది.

"ఎవ్‌రు ఈమే?" అంది నాంచారి. "ఛాలా స్వీట్."

కోటమ్మ ఆకు పొట్లం మెల్లిగా కింద పెట్టింది. "మీ పెద్ద అభిమానిని తల్లీ. వేళకి తిను," అని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ పొట్లం విప్పితే పళ్లన్నీ గింజలు తీసి ఉన్నాయి. కూతురు నోట్లో గింజలతో నలుగురిలో ఇబ్బంది పడిందని ఆ తల్లి మర్చిపోలేదు. నాంచారి ఒక్క పండూ తినలేకపోయింది. గుహలో మూల కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"సీతాలక్కా, వాళ్లు చూసేది నీడని. వినేది నీ గొంతుని. పేరు భూషయ్యగారిది. ఇందులో నేనెక్కడున్నానే?"

సీతాలు "పుప్పొడి కింద," అంది.

నూరు రోజులయ్యాయి. శతదినోత్సవం అన్నారు. పిల్లా జెల్లా, ముసలీ ముతకా అడవంతా గుహలోకి వచ్చేసింది. కోటమ్మ కూడా వచ్చి చివరి వరసలో, వాకిలి దగ్గర నిలబడింది. నాంచారిని తెర ముందుకి తెచ్చి రాతి మీద నిలబెట్టారు.

మూపు స్టార్ రంగప్రవేశం. అభిమానులు "మూపు, మూపు" అని కేకలు వేశారు. ఆయన పొంగిపోయి తన మూపురంతో గుహ గోడని ఢీకొట్టాడు. గుహ అదిరింది. "మళ్లీ" అన్నారు. మళ్లీ కొట్టాడు. "ఇంకొక్కసారి" అన్నారు. అభిమానులు అడిగితే కాదనే అలవాటు ఆయనకి లేదు.

మూడో దెబ్బకి నాంచారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. తల పైకెత్తింది. పైకప్పు చిల్లు పక్కన అయిదు పెద్ద పెద్ద తేనెపట్లు. కొండతేనెటీగలవి. ఆ పట్ల మీద నల్లగా అలలాగా ఒక కదలిక అటు నుంచి ఇటు పాకింది. ఆ కదలిక దేనికో ఏడు తరాల కాపలా రక్తానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"భూషయ్యగారూ, పైన చూడండి," అంది గొంతు తగ్గించి.

"నవ్వు," అన్నాడు భూషయ్య పళ్ల మధ్య నుంచి. "మన భాష మాట్లాడావంటే నువ్వూ అయిపోతావు, నేనూ అయిపోతాను."

నాంచారి నోరు తెరిచింది. నూరు రోజుల అలవాటు కదా, పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు. సీతాలు పలుకుతుందని చూసింది. తెర వెనక నుంచి సీతాలు గుసగుసగా, "ఏం డైలాగమ్మా? నాకు చెప్పలేదే," అంది.

పైన గుయ్‌మని మోత మొదలైంది. వాకిలి దగ్గర అమ్మ నిలబడి ఉంది. ఎదురుగా వెంకాయమ్మ, ఆవిడ మనవలు, తోకలేని కుందేలు. వెర్రిమొహాలేసుకుని తనకేసే చూస్తున్నారు. ఇంతమంది తనకేసి చూడాలనే కదా ఏడ్చింది. ఇప్పుడు వీళ్లు తనని చూడ్డం మానేసి పరిగెత్తాలి. ఎలా?

పేరు పోతే పోయింది, భూషయ్య పోతే పోయాడు అనుకుంది. నాలుగు కాళ్లూ నేలకి తన్నిపెట్టి, మెడ చాచి మొరిగింది.

నూరు రోజులు లోపల దాచుకున్న మొరుగు అది. గుహ నాలుగు మూలలా మోగింది. జనం బిత్తరపోయారు.

తర్వాత చప్పట్లు.

"మనలాగే మొరిగింది చూశావా," అన్నాడు ముసలి ఎలుగుబంటి. "అవతలి కొండ పిల్ల, మన మొరుగు ఎంత కష్టపడి నేర్చుకుందో."

"వన్స్ మోర్," అన్నాయి ఉడుతలు.

నాంచారి మళ్లీ మొరిగింది. "వన్స్ మోర్." మూడోసారి మొరిగింది. వెంకాయమ్మ మనవలు ఈల వేశారు.

"ఒరే సన్నాసుల్లారా, తేనెటీగలు లేచాయిరా, బయటికి పరిగెత్తండి," అంది నాంచారి, తేటతెల్లంగా, రేగుపొద యాసలో.

గుహ దద్దరిల్లిపోయింది. "యాస కూడా దించేసిందమ్మా," అంది వెంకాయమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "తిట్టు కూడా ఎంత చక్కగా పలికిందో. మన పిల్లలకి ఇంత శుభ్రంగా వచ్చా?" చిత్తరంజన్ పచ్చగా, ఎర్రగా, మళ్లీ పచ్చగా అయ్యాడు. భూషయ్య, "నా సినిమాలో భాష మీద శ్రద్ధ అలాంటిది," అని పక్కవాళ్లకి చెప్పుకున్నాడు.

మొదటి మొరుక్కే లేచి బయటికి నడిచింది ఒక్క కోటమ్మ. "మా పిల్ల మొరిగితే నేను ఆగను," అంది, ఎవరూ అడక్కపోయినా.

నాంచారి ఒక్క దూకున తెర చించుకుని వెనక్కి దూకి, సీతాలుని తోకపట్టి ఈడ్చుకుంటూ పక్కదారిన బయటపడింది. ఆ వెంటనే అయిదు పట్లూ దిగాయి. మిగతాది నేను చెప్పనక్కర్లేదు. చప్పట్లు కొట్టే చేతులు కాస్తా మొహాలు బాదుకోవడం మొదలుపెట్టాయి. మూపు స్టార్ నాలుగు కాళ్లూ ఎత్తి డాన్సు చేశాడు. చూసిన భాగ్యం మాత్రం ఎవరికీ కలగలేదు, అప్పటికే అందరి కళ్లూ వాచి మూసుకుపోయాయి.

వారం రోజులు అడవిలో ఎవరి మొహం ఎవరిదో తెలియలేదు. వాపులు తగ్గాక అందాల మండలి విచారణకి కూర్చుంది. గుడ్లగూబ మొహం మాత్రం వాచిందో లేదో ఎవరూ పోల్చుకోలేకపోయారు.

"తప్పెవరిది?" అన్నాడు గుడ్లగూబ.

"ఝర్మీషాగారిది మాత్రం కాదు," అన్నాడు భూషయ్య. "పాపం అవతలి కొండ మనిషి, మన కళని గౌరవించి మొరిగారు. మనం కళగానే చూశాం. అదే మన నాంచారి మొరిగుంటే పరిగెత్తేవాళ్లం. అవునా కాదా?"

"అవును," అంది అడవంతా, వాచిన నోళ్లతో.

"మరి ఆ కాపలాపిల్ల ఎక్కడ? ఇంత ప్రమాదం జరుగుతుంటే పిన్నింట్లో పెత్తనాలా?"

"నాంచారి డౌన్ డౌన్," అంది తోకలేని కుందేలు.

నాంచారి గుంపులోంచి ముందుకొచ్చింది. పుప్పొడి లేదు, పట్టీ లేదు. "నాంచారిని నేనే," అంది. "అవతలి కొండకెళ్లి నెల్రోజులు గడ్డి తిని వచ్చాను, అంతే. ఝర్మీషా అని ఎవరూ లేరు. వెంకాయమ్మత్తా, నువ్వు నాకు పాలిచ్చావు. నన్ను చూసి చెప్పు."

వెంకాయమ్మ దగ్గరికొచ్చి, ఒక కన్ను మూసి, రెండో కంటితో ఎగాదిగా చూసింది.

"ఏం నటనమ్మా," అంది వెంకాయమ్మ. "అచ్చం మా నాంచారే. ఆ మూతి విరుపు కూడా అదే. చూస్తే ఏడుపొస్తోంది."

చప్పట్లు మోగాయి. మండలి అక్కడికక్కడే రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, కాపలా వదిలేసిన నాంచారి రేపట్నుంచి బతికున్నంతకాలం గట్టు మీదే నిలబడాలి, శిక్షగా. రెండు, స్థానిక పాత్రలో సహజంగా మొరిగినందుకు ఝర్మీషాకి ఉత్తమ నటి బహుమతి, ఒక పెద్ద ఉప్పుగడ్డ.

నాంచారి రెండూ తీసుకుంది. ఆ నీడకీ ఆ కిరీటానికీ వచ్చిన పేరు తనది కాదని ఆమెకి తెలుసు. ఈ ఉప్పుగడ్డ మాత్రం తన సొంత గొంతుకి వచ్చింది, వేరే పేరు మీద వస్తేనేం. సీతాలుకి ఒక ముక్క కొరికి ఇచ్చి, మిగతాది మోసుకుని గట్టెక్కింది. అమ్మా కూతుళ్లిద్దరూ పక్కపక్కన నిలబడి నెల్రోజులు నాకారు. "రేగుపళ్లు కావాలా, స్వీట్?" అని కోటమ్మ అప్పుడప్పుడూ దెప్పేది. దెప్పిన ప్రతిసారీ నాంచారి తల దించుకుని, తల్లి మెడ మీద మొహం పెట్టేసేది.

సినిమా ఆగలేదు. భూషయ్య ఒక తాటాకుని లేడి ఆకారంలో కత్తిరించి, కర్రకి గుచ్చి తెర వెనక పెట్టాడు. సీతాలు గొంతిచ్చింది. ఝర్మీషా రెండో సినిమా నూట యాభై రోజులాడింది. "డిసిప్లిన్ ఉన్న అమ్మాయి," అని మూపు స్టార్ చిలకలకి చెప్పాడు. "ఎంతసేపు నిలబెట్టినా ఒక్క మాట అనదు."

ఇంకొన్నాళ్లకి చిరుత వచ్చింది. గట్టు మీంచి నాంచారి ప్రాణం పెట్టి మొరిగింది. కింద అడవంతా నోట్లో గడ్డి నోట్లో ఉండగానే పరుగు తీసింది. అందరూ బతికారు. పొదలో నక్కి, రొప్పుతూ, వెంకాయమ్మ పక్కనున్న కుందేలుతో అంది:

"అరిచింది మా నాంచారేలే. పర్లేదు గానీ, ఝర్మీషా మొరిగినంత సహజంగా లేదు."

నీతి: పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు గానీ, దాన్నే పీకి నెల్రోజులు పొరుగింటి పెరట్లో నాటి తెస్తే సర్వరోగాలూ తగ్గుతాయి.